వేగస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా జంటగా కారు యాత్ర: అపోహలు - వాస్తవాలు

లాస్ వేగస్‌లో కారు తీసుకుని జాయన్, బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కులు, పేజ్ పట్టణం, మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ కాన్యన్ చూసుకుని తిరిగి వేగస్ చేరే చుట్టు సుమారు 1,000 మైళ్లు. వారం రోజులుంటే హాయిగా సరిపోతుంది. నాలుగే రోజులుంటే మాన్యుమెంట్ వ్యాలీ వదిలేయడం మేలు. అన్నీ కలిపి చూద్దామంటే కారు అద్దంలోంచి చూడటమే మిగులుతుంది. ప్లాన్ వేసేటప్పుడు దాదాపు అందరూ మైళ్లు కూడి చూసుకుంటారు. దారిలో రోజు పాడయ్యేది మాత్రం వేరే మూడింటి వల్ల: వెళ్లే చోటు ఎంత ఎత్తులో ఉంది, ఆ నేల ఎవరిది, అక్కడ టైమ్ ఎంత. కింది అపోహల్లో చాలావరకు ఈ మూడూ లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: వేగస్ నుంచి గ్రాండ్ కాన్యన్ రెండు గంటల దారే.

రెండు, రెండున్నర గంటల్లో వెళ్లేది వెస్ట్ రిమ్‌కు, అంటే కాన్యన్ పడమటి అంచుకు. 2007లో తెరిచిన అద్దాల వంతెన స్కైవాక్ ఉన్నది అక్కడే. అది హువాలపాయ్ తెగ వారి నేల, నేషనల్ పార్కులో భాగం కాదు. ఫొటోల్లో చూసి మనసు పడే గ్రాండ్ కాన్యన్ ఎక్కువగా సౌత్ రిమ్. వేగస్ నుంచి అది 280 మైళ్లు, నాలుగున్నర గంటలు. ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు గానీ తొమ్మిది గంటలు స్టీరింగ్ వెనకే పోతాయి. కాన్యన్ అందం ఉండేది పొద్దు పొడిచే వేళా, గుంకే వేళా. ఆ రెండు వేళల్లోనూ మీరు రోడ్డు మీదే ఉంటారు. పార్కు లోపల గానీ, గేటు బయట టుసాయన్‌లో గానీ ఒక రాత్రి ఉండండి.

నార్త్ రిమ్ సంగతి వేరు. సౌత్ రిమ్ నుంచి చూస్తే గాలిలో పది మైళ్లే, రోడ్డు మీద 215 మైళ్లు. చలికాలంలో ఆ రోడ్డు మూసేస్తారు. 2025 జులైలో రేగిన కార్చిచ్చులో అక్కడి గ్రాండ్ కాన్యన్ లాడ్జ్ కాలిపోయింది. కాబట్టి పాత ట్రిప్ ప్లాన్లలో ఆ లాడ్జ్ పేరు కనిపిస్తే ఆ ప్లాన్ పక్కన పెట్టేయండి.

ఇంకో మాట. గండికోట చూసినవాళ్లు ఇక్కడ కూడా అంచున నిలబడితే కాళ్ల కింద నది మలుపు తిరుగుతూ కనిపిస్తుందనుకుంటారు. గ్రాండ్ కాన్యన్ లోతు మైలు, వెడల్పు కొన్నిచోట్ల 18 మైళ్లు. చాలా వ్యూ పాయింట్ల నుంచి కొలరాడో నది ముక్కలు ముక్కలుగా సన్నని గీతలా కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. నది కాస్త బాగా కనబడాలంటే తూర్పు చివర డెజర్ట్ వ్యూ దాకా వెళ్లాలి.

అపోహ: ఒక్క నేషనల్ పార్క్ పాస్ ఉంటే అన్నీ చూసేయవచ్చు.

జాయన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్‌లలో ఒక్కో కారుకు 35 డాలర్లు. మూడూ చూస్తే 105. కాబట్టి అమెరికాలో ఉండేవాళ్లకు 80 డాలర్ల వార్షిక పాస్ లాభమే. అయితే 2026 జనవరి 1 నుంచి ఆ ధర అమెరికా నివాసులకే. గేటు దగ్గర అమెరికా ప్రభుత్వ ఫొటో గుర్తింపు కార్డు చూపాలి, రాష్ట్రం ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్స్ చాలు. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు పాస్ 250 డాలర్లు. అది లేకుండా వెళితే ఈ మూడు పార్కుల్లోనూ మామూలు రుసుముకు తోడు, 16 ఏళ్లు దాటిన ఒక్కొక్కరికీ మరో 100 డాలర్లు పడుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన జంట రెండు పార్కులు చూసినా 250 డాలర్ల పాసే చౌక.

ఏ పాసూ పనిచేయని చోట్లు ఈ దారిలోనే ఉన్నాయి. పేజ్ దగ్గరి ఇరుకు రాతిసందు యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ నవాహో నేషన్‌వి, అంటే నవాహో తెగ సొంత పాలనలో ఉన్న నేలవి. కొలరాడో నది గుర్రపు నాడాలా మలుపు తిరిగే హార్స్‌షూ బెండ్ దగ్గర పార్కింగ్ పేజ్ పట్టణానిది. వెస్ట్ రిమ్ హువాలపాయ్‌లది. వీటిలో ప్రతిదానికీ విడిగా కట్టాలి. నేల మారితే రుసుముతో పాటు చట్టమూ మారుతుంది. నవాహో నేషన్‌లో మద్యం అమ్మడం, వెంట ఉంచుకోవడం నిషేధం. కారు డిక్కీలో వేగస్ సీసా ఉంటే అక్కడికి చేరేలోపే వదిలించుకోండి. జాయన్, బ్రైస్ ఉన్న యూటా రాష్ట్రంలో తాగి నడిపే పరిమితి 0.05 శాతం, అంటే మిగతా రాష్ట్రాల్లో ఉండే 0.08 కంటే తక్కువ. డ్రోన్ నేషనల్ పార్కుల్లో ఎక్కడా ఎగరేయకూడదు.

అపోహ: ఫోన్ చూపించే టైమే సరైన టైమ్.

ఈ దారిలో యాంటిలోప్ టూర్ పోగొట్టుకునే జంటల్లో చాలామందికి కారణం ఇదే. వేగస్ ఉన్న నెవాడాది పసిఫిక్ టైమ్, యూటాది దానికి గంట ముందుండే మౌంటెన్ టైమ్. పేజ్, గ్రాండ్ కాన్యన్ ఉన్న అరిజోనాది కూడా మౌంటెన్ టైమే కానీ, వేసవిలో గడియారం గంట ముందుకు జరపదు. అరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్ మాత్రం జరుపుతుంది. దాని మధ్యలో ఉన్న హోపీ తెగ నేల మళ్లీ జరపదు.

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా లెక్క ఇలా ఉంటుంది. వేగస్‌లో 9 అయితే పేజ్‌లోనూ, గ్రాండ్ కాన్యన్‌లోనూ 9. జాయన్, బ్రైస్, మాన్యుమెంట్ వ్యాలీలో 10. యాంటిలోప్ కాన్యన్ నవాహో నేలే అయినా అక్కడి టూర్లు పేజ్ టైమ్ ప్రకారమే నడుస్తాయి. పేజ్ పట్టణం యూటా సరిహద్దుకు, నవాహో సరిహద్దుకు రెండింటికీ దగ్గర. ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది, హోటల్ గదిలో ఒకటి, పార్కింగ్‌లో ఒకటి. పేజ్ చేరిన రాత్రి ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేసి, అరిజోనా రాజధాని ఫీనిక్స్ టైమ్ పెట్టుకుని అలారం పెట్టుకోండి. చేతి గడియారం ఉంటే ఇంకా మంచిది.

అపోహ: ఎడారే కదా, చలి బట్టలెందుకు?

వేగస్ ఎత్తు 2,000 అడుగులు, ఫీనిక్స్ 1,100. జాయన్ లోయ అడుగు 4,000, పేజ్ 4,300, సౌత్ రిమ్ 7,000. బ్రైస్ అంచు 8,000 నుంచి 9,000 దాకా. ప్రతి 1,000 అడుగులకూ సుమారు 4, 5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. మే నెలలో వేగస్‌లో చొక్కా తడిసే ఎండ ఉన్న రోజునే బ్రైస్‌లో తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టవచ్చు. అక్కడి రాతి స్తంభాలు, హూడూలు, తయారైందే అలా: పగుళ్లలో చేరిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది, రాయిని కొద్దికొద్దిగా చీలుస్తుంది. నిజానికి బ్రైస్ కాన్యన్ అసలు కాన్యనే కాదు. దాన్ని నది కోయలేదు, పీఠభూమి అంచు అరిగి అలా అయింది.

కిందున్న ఊళ్లు మాత్రం నిప్పుల కొలిమే. ఫీనిక్స్‌లో 2023 వేసవిలో వరుసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీలు, అంటే 43 సెల్సియస్, అందుకుంది లేదా దాటింది. ప్లాన్‌లో ఫీనిక్స్ కూడా చేర్చుకుని ఉంటే జూన్ నుంచి ఆగస్టు దాకా తీసేయండి. ఏప్రిల్ చివర, మే, సెప్టెంబర్ చివర, అక్టోబర్ ఈ చుట్టుకు మంచి నెలలు.

అపోహ: నీళ్లు బాగా తాగితే చాలు, ఏమీ కాదు.

ఇక్కడి గాలిలో తేమ ఉండదు. విజయవాడ ఎండలో చెమట కారుతూ కనిపిస్తుంది, ఇక్కడ పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోతోందో తెలియదు, చర్మం మీద ఉప్పు చారలు మిగులుతాయి. అందుకే ఎండలో నడుస్తుంటే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా గుక్క గుక్కగా తాగాలి.

అసలు ప్రమాదం ఈ అపోహలోని 'చాలు' అనే మాటలో ఉంది. ఉప్పు తినకుండా నీళ్లే పోసుకుంటూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. చూసేవాళ్లకు అది వడదెబ్బలాగే ఉంటుంది కాబట్టి ఇంకా నీళ్లు తాగిస్తారు, పరిస్థితి ఇంకా దిగజారుతుంది. మనిషి గంటల తరబడి తాగుతూనే ఉండి, మూత్రం నీళ్లలా తేటగా పోస్తూ, తికమకగా మాట్లాడుతుంటే నీళ్లు ఆపి, తెలివిలో ఉంటే ఉప్పగా ఉన్నదేదైనా తినిపించి, పార్కు రేంజర్‌ను పిలవాలి. ఒంటికి చెయ్యి వేస్తే కాలిపోతూ, మాట తడబడుతుంటే అది వడదెబ్బ: నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్లు పోసి, విసురుతూ, అమెరికా అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాలి.

తినడానికి ఎనర్జీ బార్లే కావాలని లేదు. వేయించిన ఉప్పు పల్లీలు, చేగోడీలు, జంతికలు ఈ పనికి చక్కగా పనికొస్తాయి. లీటరు నీటిలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపిన సీసా ఒకటి, మామూలు నీళ్లది ఒకటి, మార్చి మార్చి తాగండి. పెరుగన్నం మాత్రం కారులో వదలకండి. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వేడిలో గంటకు మించి ఉంచిన వండిన అన్నం తినకూడదు, పులిహోర అయినా సరే. ఐస్ పెట్టె కొనుక్కోండి.

అపోహ: కాన్యన్‌లోకి కాస్త దూరం దిగి వచ్చేద్దాం, దిగడం తేలికే కదా.

కొండెక్కేటప్పుడు ముందు ఎక్కుతాం, అలసిపోతే వెనక్కి దిగుతాం. ఇక్కడ ఆ క్రమం తిరగబడుతుంది. ఓపిక ఉన్నప్పుడు దిగుతారు, ఓపిక అయిపోయాక ఎక్కాలి. దిగడానికి గంట పడితే ఎక్కడానికి రెండు గంటలు పెట్టుకోండి. పైగా దిగేకొద్దీ వేడి పెరుగుతుంది, నది దగ్గర అంచు మీదకంటే 20 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే ఎక్కువ.

సౌత్ రిమ్ నుంచి దిగే బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్ అనే నడక దారిలో మైలున్నర రెస్ట్‌హౌస్ దాకా వెళితే 1,100 అడుగులు దిగినట్టు. నడక అలవాటు లేని జంటకు వేసవిలో అదే ఎక్కువ. సౌత్ కైబాబ్ ట్రెయిల్‌లో ఊ-ఆ పాయింట్ 0.9 మైలు, దృశ్యం అద్భుతం, దారంతా నీళ్లు లేవు, నీడ లేదు. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 మధ్య దిగువ దారుల్లో నడవొద్దని పార్కు వాళ్లే చెబుతారు. నది దాకా వెళ్లి అదే రోజు తిరిగి రావాలనే పట్టుదల వద్దు.

అపోహ: ఆకాశం నీలంగా ఉంది, వరద ఎక్కణ్ణుంచి వస్తుంది?

పైన ఎక్కడో వాన పడితే కింద ఎండలో వాగు పొంగడం మనకు కొత్త కాదు. ఇక్కడ అదే జరుగుతుంది, వేగం ఎక్కువ. రాతి నేల నీటిని పీల్చుకోదు, చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే ఇరుకు సందులోకి మొత్తం నీరూ వచ్చిపడుతుంది. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్‌లో 11 మంది కొట్టుకుపోయారు. వాన పడింది మైళ్ల దూరాన.

వానల కాలం జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా. జాయన్‌లో నారోస్‌కు, అంటే నదిలోనే నడిచే దారికి, వెళ్లే ముందు ఆ రోజు ఫ్లాష్ ఫ్లడ్, అంటే ఉన్నట్టుండి వచ్చే వరద, అంచనా చూడండి. అది 'నాట్ ఎక్స్‌పెక్టెడ్', 'పాసిబుల్', 'ప్రాబబుల్', 'ఎక్స్‌పెక్టెడ్' అని నాలుగు మెట్లలో ఉంటుంది. మూడు, నాలుగు అయితే వెళ్లకండి. రెండైతే మొదటి మైలు దాటకండి. నీరు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగినా, పుల్లలు కొట్టుకొస్తున్నా, పైనుంచి హోరు వినిపించినా సామాన్లు వదిలేసి ఎత్తుకు ఎక్కాలి. ప్రవాహం సెకనుకు 150 ఘనపుటడుగులు దాటితే పార్కు వాళ్లే నారోస్ మూసేస్తారు.

రోడ్డు మీద కూడా అంతే. అడుగు లోతు నీరు చిన్న కారును తేల్చేస్తుంది. అరిజోనాలో అడ్డు పెట్టిన బోర్డు దాటి వరదలోకి వెళ్లి చిక్కుకుంటే కాపాడిన ఖర్చు మీ మీదే వేసే చట్టం ఉంది. దానికి జనం పెట్టిన పేరు 'స్టుపిడ్ మోటరిస్ట్ లా'.

అపోహ: జాయన్‌లో కారు వేసుకుని అన్నీ తిరగవచ్చు, ఏంజెల్స్ ల్యాండింగ్ కొండ ఎక్కేయవచ్చు.

మార్చి నుంచి నవంబర్ దాకా జాయన్ ప్రధాన లోయ రోడ్డులోకి సొంత కార్లు రానివ్వరు, ఉచిత షటిల్ బస్సే. విజిటర్ సెంటర్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, స్ప్రింగ్‌డేల్ ఊళ్లో ఆపి అక్కణ్ణుంచే షటిల్ ఎక్కండి. ఏంజెల్స్ ల్యాండింగ్‌లో గొలుసులు పట్టుకుని నడిచే చివరి అర మైలుకు 2022 ఏప్రిల్ నుంచి లాటరీ పర్మిట్ కావాలి. ముందురోజు మధ్యాహ్నం 3 లోపు వేసే లాటరీ కూడా ఉంది. రాకపోతే గొలుసులకు ముందున్న స్కౌట్ లుకౌట్ దాకా పర్మిట్ లేకుండా వెళ్లవచ్చు, దృశ్యంలో పెద్ద లోటేమీ లేదు.

అపోహ: మ్యాప్ దగ్గరి దారి చూపిస్తే అదే మంచి దారి.

బ్రైస్ నుంచి పేజ్‌కు మ్యాప్‌లో ఒక అడ్డదారి ఊరిస్తుంది: కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్. సుమారు 46 మైళ్ల మట్టిరోడ్డు. పొడిగా ఉంటే పర్వాలేదు, చినుకు పడితే ఆ బంకమట్టి సబ్బులా జారుతుంది, నాలుగు చక్రాలకూ పవర్ ఉన్న బండి కూడా నిలవదు. అద్దె ఒప్పందాల్లో ఎక్కువగా మట్టిరోడ్ల మీద బీమా వర్తించదని రాసి ఉంటుంది. యూఎస్-89 మీద కానాబ్ మీదుగా వెళ్లండి. మాన్యుమెంట్ వ్యాలీ లోపలి 17 మైళ్ల చుట్టు కూడా మట్టిదే. చిన్న సెడాన్ అయితే నవాహో గైడ్ జీపులో వెళ్లడమే సుఖం.

దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. వేగస్‌లోనే మ్యాప్‌లు డౌన్‌లోడ్ చేసుకోండి. ట్యాంకు సగానికి రాగానే నింపండి. నవాహో నేలలో ఆవులు, గుర్రాలు, గ్రాండ్ కాన్యన్ దగ్గర ఎల్క్ అనే పెద్ద దుప్పులు రాత్రిళ్లు రోడ్డెక్కుతాయి, చీకటి పడ్డాక దూరప్రయాణం పెట్టుకోవద్దు.

అపోహ: ఎండకు టైరు పేలుతుంది, కాస్త గాలి తీసేయాలి.

ఇది సరిగ్గా తిరగేసిన సలహా. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువ మడతపడి, ఆ రాపిడికే వేడెక్కి పేలుతుంది. డ్రైవర్ తలుపు అంచున స్టిక్కర్ మీద ఉండే అంకె చల్లారిన టైరుకు చెప్పింది. ఉదయం బయల్దేరే ముందు చూడండి, పరుగెత్తాక పెరిగితే పెరగనివ్వండి. బ్రైస్‌లో చలి ఉదయం టైరులో గాలి తగ్గిందని చెప్పే పసుపు దీపం వెలిగితే కంగారు వద్దు, చలికి ఒత్తిడి తగ్గింది, స్టిక్కర్ ప్రకారం నింపితే ఆరిపోతుంది.

అపోహ: కారు ఒకరి పేర తీసుకుంటే ఇద్దరూ నడపవచ్చు.

ఒప్పందంలో రెండో డ్రైవర్ పేరు లేకపోతే, ఆ మనిషి నడుపుతుండగా ప్రమాదం జరిగితే బీమా చెల్లకపోవచ్చు. భార్యాభర్తలకు రెండో పేరు ఉచితంగా చేర్చే సంస్థలున్నాయి, కౌంటర్ దగ్గర అడగండి, కాగితం మీద పేరు కనబడేదాకా తాళం తీసుకోవద్దు. ఇండియా లైసెన్స్‌తో వచ్చినవాళ్లు ఇంటర్నేషనల్ పర్మిట్‌తో పాటు అసలు కార్డు కూడా తెచ్చుకోవాలి. పర్మిట్ ఒక్కటే చూపిస్తే అది లైసెన్స్ కిందికి రాదు.