ఆరుద్ర చుక్క ఎరుపు లెక్క

"ఆరుద్ర కార్తెలో ఆరుద్ర నక్షత్రం ఎందుకు కనిపించదు?" అని పరకాల వైపు నుంచి ఒక పాఠకుడు అడిగారు. ప్రశ్న గట్టిది, జవాబు చిన్నది. సూర్యుడు ఆ నక్షత్రం ఉన్న దిక్కుకు చేరిన పదమూడు, పద్నాలుగు రోజులనే మనం కార్తె అంటాం. జూన్ 22 ప్రాంతంలో ఆ చుక్క ఇంచుమించు సూర్యుడితోనే ఉదయించి సూర్యుడితోనే అస్తమిస్తుంది, కాబట్టి పగటి వెలుగులో కలిసిపోతుంది. ఆ రోజుల్లో చేలల్లో పాకే ఎర్రటి ఆరుద్ర పురుగులను చూసి తృప్తి పడవలసిందే.

చుక్కను చూడాలంటే డిసెంబరు చివర చీకటి పడ్డాక భద్రకాళి చెరువు కట్ట మీద తూర్పు ముఖంగా నిలబడండి. గొల్లకావడి అని పల్లెల్లో పిలిచే మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి ఎడమ చేతి వైపు ఎర్రగా వెలిగేది ఆరుద్ర, కుడి చేతి వైపు నీలి తెలుపులో మెరిసేది రైజెల్. అర్ధరాత్రికి ఆరుద్ర దాదాపు మన నడినెత్తికి వస్తుంది. ఊరి దీపాల కాంతి కూడా దాన్ని కప్పలేదు.

పాశ్చాత్యులు దీన్ని బెటెల్‌జూస్ అంటారు. అరబ్బీ పేరును లాటిన్‌లోకి ఎత్తి రాసేటప్పుడు ఒక అక్షరం కింది చుక్కలను సరిగా చదవకపోవడంతో 'య' కాస్తా 'బ' అయింది. 2016లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆ తప్పు పేరునే ఖాయం చేసింది. రైజెలే మామూలుగా ఎక్కువ కాంతివంతమైనా, 1603లో జర్మనీకి చెందిన బేయర్ ఈ రెండు చుక్కలూ ఉన్న ఓరియన్ రాశిలో మొదటి స్థానానికి గుర్తైన 'ఆల్ఫా' అక్షరాన్ని దీనికే ఇచ్చాడు. పేర్ల సంగతి ఇంతటితో చాలు. అసలు విశేషమంతా ఆ ఎరుపులో ఉంది.

నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు ఉక్కు ముద్దలు తీసేవారు. వాటి కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. కొలిమి ముందు కూర్చున్న కమ్మరికి ఉష్ణమాపకంతో పని లేదు. ఇనుము ముందు ముదురు ఎరుపెక్కుతుంది, తర్వాత నారింజ, పసుపు, చివరకు తెలుపు. అంటే ఎరుపు తక్కువ వేడికి గుర్తు. మన పిల్లలకు మాత్రం బొమ్మల్లో వేడిని ఎర్రగా, చల్లదనాన్ని నీలంగా వేసి చూపిస్తాం, పదో తరగతికి వచ్చాక దాన్ని మరిపించలేక తంటాలు పడతాం.

సూర్యుడి ఉపరితలం 5,772 కెల్విన్లు, ఆరుద్రది సుమారు 3,500. సూర్యకాంతి తీవ్రత 0.50 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠమైతే, ఆరుద్రది 0.83 దగ్గర, అంటే కంటికి కనిపించని పరారుణంలో. మనం చూసే ఎరుపు దాని అసలు వెలుగులో కొసరు మాత్రమే.

మళ్లీ కొలిమి దగ్గరికే వద్దాం. తెల్లగా కాగిన సూది ఒకటి, ఎర్రగా కాగిన నాగటి కర్రు ఒకటి పక్కపక్కన పెడితే ముఖానికి సెగ దేని నుంచి తగులుతుంది? కర్రు నుంచే. అంగుళానికి అంగుళం పోలిస్తే సూదిదే పైచేయి, కానీ కర్రుకు అంగుళాలు ఎక్కువ. చదరపు మీటరు నుంచి వెలువడే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 3,500ను 5,772తో భాగించి నాలుగో ఘాతం కడితే 0.135. అంటే ఆరుద్ర ఒక్కో చదరపు మీటరు సూర్యుడి మీటరులో ఏడో వంతు కూడా వెలగదు. అయితే ఒక అంచనా ప్రకారం దాని వ్యాసార్థం సూర్యుడికి 764 రెట్లు. వైశాల్యం 764 వర్గం, అంటే సుమారు 5 లక్షల 84 వేల రెట్లు. దాన్ని 0.135తో గుణించండి. దాదాపు 79 వేల సూర్యుళ్ల వెలుగు! ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా నాకు విసుగు పుట్టదు. కర్రు ఎరుపు చూసి దాని వేడి, సెగ చూసి దాని పరిమాణం చెప్పేసినట్టే.

దీన్ని సూర్యుడి స్థానంలో పెడితే కుజుడి కక్ష్య దాటిపోతుంది. 1920 డిసెంబరులో శాస్త్రవేత్తలు మైకెల్సన్, పీజ్ అమెరికాలోని మౌంట్ విల్సన్ దూరదర్శినికి అద్దాల దూలం బిగించి ఆకాశంలో దీని వెడల్పు కొలిచారు. సూర్యుడి తర్వాత అలా కొలతకు అందిన మొదటి నక్షత్రం ఇదే.

ఇంత పెద్ద ఒళ్లున్నా ద్రవ్యరాశి మాత్రం 17 సూర్యుళ్లకు అటూ ఇటూ. సగటున మనం పీల్చే గాలికంటే వేల రెట్లు పలచన. ఉపరితలం దగ్గర గురుత్వం భూమి మీది దానిలో వెయ్యో వంతు కూడా లేదు. ఇంత వదులుగా పట్టి ఉంచిన వాయువు కిందినుంచి పెద్ద పెద్ద బుడగలుగా పొంగుతుంటే అప్పుడప్పుడు కొంత జారిపోక తప్పదు. 2019 చివర జరిగింది అదే. వాయువు ముద్ద ఒకటి బయటికి ఎగిసింది, ఉపరితలంలో ఒక భాగం చల్లబడింది, ఆ వాయువు ధూళిగా గడ్డకట్టి మనకు అడ్డం వచ్చింది. 2020 ఫిబ్రవరికి చుక్క వెలుగు దాదాపు మూడో వంతుకు పడిపోయింది. దక్షిణార్ధం మసకబారిన చిత్రాలను చిలీలోని దూరదర్శిని తీసి చూపింది.

ఆ డిసెంబరు 26నే సూర్యగ్రహణం వచ్చింది. ఆరుద్రకు అధిదేవత రుద్రుడు. ఇక చెప్పాలా, ఫోన్లలో ప్రళయ సందేశాలు మోగిపోయాయి. వసంతానికల్లా చుక్క తేరుకుంది, ఆ సందేశాలు పంపినవారు ఆ సంగతి పంపలేదు.

ఈ చుక్క ఏదో ఒక రోజు పేలడం మాత్రం ఖాయమే. రాబోయే లక్ష ఏళ్లలో ఎప్పుడైనా జరగవచ్చు. 550 నుంచి 700 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి మనకు హాని లేదు, పగలు కూడా కనిపించేంత వెలుగు మాత్రం వస్తుంది. ఆ కబురు ముందుగా తెచ్చేవి న్యూట్రినోలు, అంటే దేన్నైనా దాదాపు అడ్డు లేకుండా దాటిపోయే అతి సూక్ష్మ కణాలు. 1987లో పక్క గెలాక్సీలో ఒక నక్షత్రం పేలినప్పుడు జపాన్‌లో భూగర్భంలోని నీటి తొట్టి వాటిలో కొన్నింటిని పట్టింది, వెలుగు వచ్చింది ఆ తర్వాత కొన్ని గంటలకు. ఇప్పుడు అలాంటి పరికరాలను కలిపి ఒక హెచ్చరిక వ్యవస్థ నడుపుతున్నారు.