సూదికి ముందు మనం చెప్పే మాట

నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి పిల్లల్ని చెన్నై ఎగ్మోర్ ఆసుపత్రికి తెచ్చే తెలుగువాళ్లు చాలామందే. వార్డులో నర్సు సిరంజితో రాగానే మన నోట్లోంచి వచ్చే మాట ఒకటే: "ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది అంతే." ప్రేమతో అనే మాటే. కానీ సూది వేసేటప్పుడు పెద్దల మాటల్నీ పిల్లల ఏడుపునీ గమనించిన పరిశోధకులకు, ఇలా ఊరడించే చోట పిల్లల టెన్షన్ ఎక్కువగా కనిపించింది. అమ్మ గొంతు మారిందంటే ఏదో జరగబోతోందని పిల్లలు కనిపెట్టేస్తారు. పైగా నొప్పి పుట్టాక, ఇంకోసారి ఆ మాట నమ్మరు.

దీనికి శరీరంలోనే ఒక కారణం ఉంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే పరిశోధకులు నొప్పి గురించి 'గేట్' (తలుపు) సిద్ధాంతం చెప్పారు. గాయం నుంచి బయల్దేరిన సంకేతం నేరుగా మెదడుకు చేరిపోదు, వెన్నుపాములో దాన్ని పెంచే, తగ్గించే ఏర్పాటు ఉంటుందన్నారు. అందులో మెదడుకూ చెయ్యి ఉంది. భయపడితే అదే సూది ఎక్కువ నొప్పి పుడుతుంది, ధ్యాస వేరే చోట ఉంటే తక్కువ. తర్వాత వివరాలు చాలా మారాయి కానీ అసలు సంగతి నిలబడింది.

అందుకే సబ్బు బుడగలు ఊదించడం, ఫోన్‌లో ఇష్టమైన పాట పెట్టడం ఉత్త కాలక్షేపం కాదు. నలుగురు పట్టుకుని మంచానికి అదిమితే భయం రెట్టింపవుతుంది. అమ్మ ఒళ్లో నిటారుగా కూర్చోబెడితే తగ్గుతుంది. "కాస్త నొప్పి పుడుతుంది, తొందరగా అయిపోతుంది, ఏ చేతికి వేయించుకుంటావు?" అని అడగొచ్చు. చుట్టూ తమిళమే వినబడే వార్డులో పిల్లకు అర్థమయ్యే ఒక్క గొంతు మనదే కదా. (ఇంట్లో "అన్నం తినకపోతే సూది వేయిస్తా" అని బెదిరించేవాళ్లను మాత్రం ఏమనాలో తెలీదు.)

పసికందులకు నొప్పి పెద్దగా తెలియదని ఒకప్పుడు డాక్టర్లే నమ్మేవారు. చాలా తక్కువ మత్తుతో ఆపరేషన్లు చేసేవారు. మన దేశంలో వైద్యం చదివిన కన్వల్‌జీత్ ఆనంద్ బృందం, సరైన మత్తు ఇస్తే ఆ పిల్లల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తగ్గుతాయని 1987లో చూపించాక ఆ నమ్మకం కదిలింది. ఇప్పుడు సూది గుచ్చేటప్పుడు తల్లి పాలు పట్టమనే చెబుతున్నారు.

చర్మాన్ని మొద్దుబార్చే క్రీమ్ కూడా ఉంది. అది పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది. రక్తం తీసుకోవడానికి ట్రే పట్టుకుని వచ్చాక అడిగితే లాభం లేదు. డాక్టరు రక్త పరీక్ష రాసిచ్చినప్పుడే అడగాలి.