చివరి ట్యాంకు బయల్దేరిపోయాక: షటిల్ ముగింపు మీద అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒకే వారంలో రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది ఒంగోలు నుంచి. మాకు దూరపు బంధువు, వరసకు బాబాయి. "అమ్మా, 2030లో స్పేస్ స్టేషన్ మూసేస్తారంట కదా. మా పాప ఏరోస్పేస్‌లో చేరతానని పట్టుబట్టింది. వద్దని చెప్పమంటావా?" అని అడిగారు. రెండోది ఇక్కడే అమెరికాలో, స్టేషన్ పనిమీద ఉన్న మన తెలుగు కుర్రాడిది. వేరే ఉద్యోగం చూసుకుంటున్నావా అని అడిగితే నవ్వేశాడు. "పొడిగిస్తార్లే అక్కా. ముందు 2020 అన్నారు, తర్వాత 2024 అన్నారు, ఇప్పుడు 2030 అంటున్నారు. ఎప్పుడూ ఇంతేగా."

బాబాయి గారి భయం నాకు అర్థమైంది. భయపెట్టింది మాత్రం ఆ కుర్రాడి ధైర్యం.

నేను ఫ్లోరిడాలో స్పేస్ షటిల్ టైల్స్ ఇన్‌స్పెక్షన్ చేశాను. షటిల్ అంటే మనుషుల్ని అంతరిక్షానికి తీసుకెళ్లి, విమానంలా దిగి, మళ్లీ ఎగిరే నాసా వాహనం. టైల్స్ అంటే తిరిగొచ్చేటప్పుడు వేడికి అది కాలిపోకుండా ఒంటినిండా అతికించే పలకలు. 2011 జూలైలో షటిల్‌తో పాటే నా ఉద్యోగమూ పోయింది. "పొడిగిస్తార్లే" అన్న మాట అప్పట్లో మా క్యాంటీన్‌లో రోజూ వినపడేది. నేనూ నమ్మాను. అందుకే ఈ పోస్టు.

ముందు చిన్నవి తేల్చేస్తాను.

అపోహ: కొలంబియా అనే షటిల్ కూలిపోవడంతో షటిళ్లు ఆపేశారు.
వాస్తవం: 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని పోగొట్టుకున్నాక కూడా షటిల్ 22 సార్లు ఎగిరింది.

అపోహ: ఒబామా ఆపేశాడు.
వాస్తవం: స్టేషన్ కట్టడం పూర్తి చేసి, 2010కల్లా షటిల్‌ను విరమిస్తామని ప్రకటించింది బుష్, 2004 జనవరి 14న. ఒబామా 2010లో రద్దు చేయాలన్నది కాన్‌స్టలేషన్‌ను, అంటే షటిల్ తర్వాత రావాల్సినదాన్ని.

అపోహ: షటిల్ చంద్రుడి మీదికి వెళ్లేది.
వాస్తవం: ఎప్పుడూ వెళ్లలేదు. భూమి చుట్టూ తిరగడానికే కట్టారు.

అపోహ: షటిళ్లను తుక్కు కింద అమ్మేశారు.
వాస్తవం: డిస్కవరీ వర్జీనియాలో, ఎండీవర్ లాస్ ఏంజెలెస్‌లో, అట్లాంటిస్ కెనెడీ స్పేస్ సెంటర్‌లో ఉన్నాయి. అసలు ఇంజన్లు తీసి దాచారు. 2022 నవంబరులో చంద్రుడి వైపు వెళ్లిన ఆర్టెమిస్-1 రాకెట్‌లో ఉన్నవి ఒకప్పుడు షటిల్‌కు పనిచేసిన ఆ ఇంజన్లే.

ఇక అసలుది.

అపోహ: "చివర్లో పొడిగిస్తారు. ఇంత పెద్ద ప్రోగ్రామ్‌ను నిజంగా మూసేయరు."

ఈ మాట ఊరికే పుట్టలేదు, దీనికి ఊపిరి పోసిన సంగతులున్నాయి. 2010లో ఆగాలి, ఆగలేదు. ప్రయోగాలు వాయిదా పడుతూ 2011లోకి వచ్చాయి. ఎస్‌టీఎస్-134 (షటిల్ ప్రయోగాలకు అలా నంబర్లుండేవి) ఆఖరిదన్నారు. దానికేమైనా అయితే రక్షించడానికని సిద్ధం చేసి ఉంచిన అట్లాంటిస్‌ను ఎస్‌టీఎస్-135గా ఎగరేయడానికి అమెరికా కాంగ్రెస్ ఒప్పుకుంది. 135కు ఒప్పుకున్నవాళ్లు 136కు ఒప్పుకోరా? అదీ మా క్యాంటీన్ లెక్క. ఎవరో సెనేటర్ ఏదో అన్నాడని ఒకరు, ఏదో ప్రైవేటు కంపెనీ షటిళ్లు కొంటుందట అని ఇంకొకరు. వారానికో కబురు.

మా సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. 27 ఏళ్ల సర్వీసు. టైల్ మీద గ్లవ్ వేసిన వేలు ఆనించి ఇలా ఒక్కసారి జరిపి, "ఇది పక్కదానికన్నా ఎత్తుగా ఉంది" అనేవారు. గేజ్ పెట్టి కొలిస్తే నిజమే అయ్యేది. నాకు పని నేర్పింది ఆయనే. 2009లో ఆయన మా పక్క ఊరు టైటస్‌విల్‌లో పెద్ద ఇల్లు కొన్నారు. "ఛాలెంజర్ పోయినప్పుడూ మూసేస్తారన్నారు. మూశారా?" అనేవారు.

ఆయన పోలిక తప్పని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1986లో ఛాలెంజర్ షటిల్ పేలిపోయినప్పుడు, డిస్కవరీ, అట్లాంటిస్ కట్టేటప్పుడే అదనంగా చేయించిన పెద్ద నిర్మాణ భాగాలు చేతిలో ఉన్నాయి. వాటితోనే ఎండీవర్‌ను కట్టారు. 1987లో ఆర్డరిచ్చారు, 1992 మేలో ఎగిరింది. కొలంబియా పోయినప్పుడు అలాంటి విడిభాగాలు లేవు. ఇంకో షటిల్ కట్టే మాటే రాలేదు. ప్రమాదం మీద వేసిన దర్యాప్తు బోర్డు, 2010 తర్వాత కూడా నడపాలంటే వాహనాన్ని మొత్తం మళ్లీ సర్టిఫై చేయాలని 2003 ఆగస్టులోనే రాసింది. ఆ నివేదిక మా అందరి కంప్యూటర్లలోనూ ఉంది. టైల్స్ గురించి రాసిన పేజీలు చదివాం, ఆ వాక్యం దగ్గర మాత్రం ఆగలేదు.

నాకు కళ్లు తెరిపించింది ట్యాంకు. షటిల్‌లో ప్రతి ప్రయోగానికీ కొత్తది కావాల్సింది ఆ నారింజ రంగు ఇంధన ట్యాంకు ఒక్కటే. పక్కన ఉండే బూస్టర్ రాకెట్లు సముద్రంలోంచి తీసి మళ్లీ వాడేవారు, ఆర్బిటర్ (మనుషులుండే విమానం లాంటి భాగం) తిరిగొచ్చేది, ట్యాంకు మాత్రం కాలిపోయేది. అంటే ట్యాంకుల సంఖ్యే ప్రయోగాల సంఖ్య. వాటిని లూసియానాలో మిషూ అనే చోట కట్టి, బార్జి మీద సముద్రంలో మా దగ్గరికి పంపేవారు. 2010 జూలైలో అక్కడ కట్టిన ఆఖరి కొత్త ట్యాంకును బ్యాండు మేళంతో సాగనంపారు. ఆ తర్వాత ఇంకొకటి వచ్చింది, 2005లో కత్రినా తుఫానుకు దెబ్బతిన్నదాన్ని బాగుచేసి పంపారు. అక్కడితో సరి.

అక్కడ పనిచేసిన ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, "మా హాలు ఖాళీ అయిపోయిందే. ట్యాంకు కట్టే బిగింపు చట్రాలు విప్పేస్తున్నారు. మీకు 136 ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు క్యాంటీన్‌లో చెప్తే ఎవరూ వినిపించుకోలేదు.

కాబట్టి వాస్తవం ఇది: ప్రోగ్రామ్ చివరి ల్యాండింగ్ రోజున ఆగదు. చివరి విడిభాగానికి ఆర్డరిచ్చిన రోజునే ఆగిపోతుంది, అది చాలా ఏళ్ల ముందు. సెనేటర్ల మాటలు పక్కనపెట్టి కొనుగోలు ఆర్డర్లు చూడండి. మీకు సరుకు పంపే చిన్న కంపెనీలు ఏం చేస్తున్నాయో చూడండి. ఎక్కడో ఒక ఊళ్లో పాతికమంది పనిచేసే షెడ్డులో మీ వాల్వ్ సీలు తయారవుతుంటుంది. ఆ షెడ్డు వేరే పనికి మళ్లిందంటే, వాషింగ్టన్‌లో ఎవరు ఏ తీర్మానం చేసినా మీ వాహనం ఎగరదు.

"డ్రాయింగులు ఉన్నాయిగా, మళ్లీ కట్టుకోవచ్చు" అనేవాళ్లకు కూడా ఇదే జవాబు. ఒక్కో ఆర్బిటర్‌కు సుమారు 24 వేల టైల్స్. పక్కపక్కనే ఉన్న రెండిటి ఆకారం ఒకటి కాదు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. చేతిలోకి తీసుకుంటే థర్మోకోల్ ముక్కంత తేలిక. దాన్ని ఫెల్ట్ మెత్త మీద సిలికాన్ జిగురుతో అతికించి, గంటల తరబడి ఒత్తి పట్టి ఉంచి, ఆరాక వాక్యూమ్ కప్పు బిగించి కొలిచిన బలంతో బయటికి లాగి చూడాలి. ఊడలేదంటే పాసు. ప్రతి ప్రయోగం తర్వాత, నీళ్లు పీల్చకుండా టైల్ టైల్‌కూ సూదితో మందు ఎక్కించాలి. జిగురు ఎంత పలచగా రాయాలో కాగితం మీద ఉంది. రాస్తున్నప్పుడు చేతికి తెలిసేది కాగితం మీద లేదు. అది మా పెద్దాయన వేలికి తెలుసు.

2011 జూలై 21న తెల్లవారుజామున 5 గంటల 57 నిమిషాలకు అట్లాంటిస్ రన్‌వే మీద దిగింది. ఇంకా చీకటిగానే ఉంది. ధ్వనికన్నా వేగంగా వస్తున్నందుకు పేలినట్టు రెండు చప్పుళ్లు ముందు వినిపించాయి, ఆ తర్వాతే కనిపించింది. అందరం ఏడ్చాం. మర్నాడే వెయ్యిమందికి పైగా బ్యాడ్జీలు అప్పగించారు. మా పెద్దాయన ఆ వరసలో నా ముందున్నారు. ఆ ఊళ్లో అందరూ ఒకేసారి ఇళ్లు అమ్మకానికి పెట్టారు, కొనేవాళ్లు లేరు. ఆయన కొన్న ఇల్లు రెండేళ్లకు బ్యాంకు తీసుకుంది. అందరూ అమ్మకముందే అమ్ముకుని ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు. ఆ పుకార్లు మోసుకొచ్చిన వాళ్లెవరూ ఆయన వాయిదా కట్టలేదు.

అపోహ: ప్రోగ్రామ్ మూతపడితే నాసా వాళ్లందరి ఉద్యోగాలూ పోతాయి.
వాస్తవం: షటిల్ మీద పనిచేసినవాళ్లలో ఎక్కువమంది నాసా ఉద్యోగులు కారు, కాంట్రాక్టు కంపెనీల మనుషులు. ప్రభుత్వోద్యోగులు వేరే పనికి మారారు, ఇంటికి వెళ్లింది మేం. ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుందో చూసుకోండి.

అపోహ: షటిల్ ఆగాక అమెరికన్లు తొమ్మిదేళ్లు అంతరిక్షానికే వెళ్లలేదు.
వాస్తవం: 2000 నవంబరు నుంచి స్టేషన్ ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. అమెరికన్లు రష్యా వాహనం సోయజ్‌లో సీట్లు కొనుక్కుని వెళ్లారు, చివరికి ఒక్కో సీటు 9 కోట్ల డాలర్ల దాకా పోయింది. 2020 మే 30న స్పేస్‌ఎక్స్ కంపెనీ వాహనం క్రూ డ్రాగన్‌లో మళ్లీ సొంతగా వెళ్లారు. అందులో ఉన్న వ్యోమగామి డగ్ హర్లీ, షటిల్ ఆఖరి ప్రయోగంలోనూ ఉన్నాడు. అప్పుడు స్టేషన్‌లో వదిలొచ్చిన చిన్న జెండాను తనే తిరిగి తెచ్చాడు.

ఒక వాహనం ఆగి ఇంకొకటి వచ్చేలోపు ఉండే ఇలాంటి ఖాళీ ఎంత చేటో మన పెద్దవాళ్లకు తెలుసు, కారణం తెలియకపోయినా. 1979లో స్కైలాబ్ (అమెరికా మొదటి స్పేస్ స్టేషన్) పడుతుందని మా అమ్మ వాళ్ల ఊళ్లో కోళ్లన్నీ కోసుకు తిన్నారట. ఎలాగూ పోతాం కదా అని అప్పులవాళ్లకు మొహం చాటేసినవాళ్లూ ఉన్నారట. అది ఎందుకు పడింది? షటిల్ వెళ్లి దాన్ని పైకి నెట్టాలన్నది ఆలోచన. షటిల్‌కు ముందు వాడిన అపోలో వాహనాల ఆఖరి ప్రయాణం 1975 జూలైలో అయిపోయింది, షటిల్ 1981 ఏప్రిల్‌కు గానీ ఎగరలేదు. ఆ ఖాళీలో, 1979 జూలై 11న, స్కైలాబ్ కిందికి వచ్చేసింది. ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి.

అందుకే ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో "స్పేస్ స్టేషన్ ఇండియా మీద పడుతుంది" అన్నది తిరుగుతుంటే పెద్దవాళ్లు కంగారుపడటాన్ని నేను తప్పుపట్టను. 2022 ఫిబ్రవరిలో అప్పటి రష్యా అంతరిక్ష సంస్థ అధిపతి రొగోజిన్, అది ఇండియా మీదో చైనా మీదో పడితే మీకిష్టమేనా అని బెదిరింపుగా అన్నాడు. దాన్నే తిప్పి తిప్పి పంపుతున్నారు. స్కైలాబ్‌ను చివర్లో సరిగ్గా నడిపించే దారి లేకపోయింది. దీనికి అలా వదిలేయడం లేదు. కిందికి నడిపించి జనం లేని మహాసముద్రంలో దించడానికి ఒక ప్రత్యేక వాహనం కట్టమని నాసా 2024 జూన్‌లో స్పేస్‌ఎక్స్‌కు 84 కోట్ల 30 లక్షల డాలర్ల దాకా విలువైన కాంట్రాక్టు ఇచ్చింది. అమ్మమ్మలకు ఈ మాట చెప్పండి, నిద్రపోతారు.

ఇదే మాట ఆ కుర్రాడికీ చెప్పాను. "పొడిగిస్తారంటున్నావు. దించే బండికి ఆర్డరిచ్చేశారు నాయనా." ఏడాదో రెండేళ్లో అటూ ఇటూ కావచ్చు, షటిల్‌కూ అయింది. ఆ ఏడాది కోసం ఎవరూ ఇల్లు కొనకూడదు.

బాబాయి గారికి మాత్రం పాపను చేర్చమనే చెప్పాను. రెండు షరతులతో. ఒకటి, ఇక్కడ రాకెట్ కంపెనీల్లో చాలా ఉద్యోగాలకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. ఎగుమతి చట్టాలు అలాంటివి, స్టూడెంట్ వీసా మీద వచ్చి కంపెనీల గుమ్మాల దగ్గర ఆగిపోయిన పిల్లల్ని ఎందరినో చూశాను. అప్పులు చేసే ముందే ఇది తెలియాలి. రెండు, ప్రోగ్రామ్ పేరు చూసి కాకుండా పని చూసి చదవాలి. మెటీరియల్స్, కంట్రోల్స్, వెల్డింగ్, ఏదైనా సరే. నేను 14 నెలలు ఖాళీగా కూర్చున్నాను. మా ఆయన జీతంతో ఇల్లు గడిచింది. రెజ్యూమెలో పైనే "స్పేస్ షటిల్" అని పెద్దక్షరాలతో రాసినంతకాలం ఎవరూ పిలవలేదు. "రంధ్రాలున్న సిరామిక్ అతుకుల తనిఖీ, పదేళ్లు" అని మార్చాక పిలిచారు. మనుషుల్ని చంద్రుడి వైపు తీసుకెళ్లే నాసా ఓరియన్ క్యాప్సూల్ వెనుక భాగానికి ఇప్పటికీ ఆ రకం సిలికా టైల్సే వేస్తారు, దాదాపు 1,300. షటిల్ పోయినా టైల్ అతికించే పని పోలేదు.

ఆ కుర్రాడు మొన్న ఆదివారం రెజ్యూమె పంపాడు. "స్పేస్ స్టేషన్ ఆపరేషన్స్, ఆరేళ్లు" అని ఒక్క లైను. తిప్పి పంపాను. ఆరేళ్లలో నీ చేత్తో ఏ పంపు మార్చే ప్రొసీజర్ రాశావో, ఏ అలారం రాత్రి రెండింటికి మోగితే ఏం చేశావో రాయమన్నాను. బుధవారం కల్లా పంపుతానన్నాడు.