రెండు ర్యామ్‌లు ఏ స్లాట్లలో పెట్టాలి?

చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక పాఠకుడి ప్రశ్న: "ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో రెండు 8 జీబీ డీడీఆర్4 స్టిక్కులు కొని పక్కపక్కనే పెట్టాను. డ్యూయల్ ఛానెల్ ఎందుకు రాలేదు?"

మీరు పెట్టిన పక్కపక్క స్లాట్లు రెండూ ఒకే ఛానెల్‌వి కాబట్టి. ఛానెల్ అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి; రెండు దారులూ ఒకేసారి వాడితే అది డ్యూయల్ ఛానెల్. చాలా మదర్‌బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి వరుస ఏ1, ఏ2, బీ1, బీ2; అక్షరం ఛానెల్‌ను చెబుతుంది. రెండే స్టిక్కులుంటే ఏ2, బీ2లో పెట్టాలి. ఏ1, బీ1లో పెట్టినా డ్యూయల్ ఛానెల్ వస్తుంది గానీ, తీగ అక్కడితో ఆగదు, ఖాళీగా ఉన్న ఏ2, బీ2 దాకా పోతుంది. సిగ్నల్ ఆ కొసకు తగిలి వెనక్కి వచ్చి అసలు సిగ్నల్‌ను పాడుచేస్తుంది. 2133 వేగంలో ఇబ్బంది ఉండదు, ఎక్స్‌ఎంపీ (బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) పెట్టి 3600కి పోతే మాత్రం బూటే కాకపోవచ్చు.

డ్యూయల్ ఛానెల్ అంటే "దారి వెడల్పు 64 నుంచి 128 బిట్లవుతుంది" అని పాఠాల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జరిగేది అంతకన్నా అందమైనది! ప్రాసెసర్ మెమరీని 64 బైట్ల ముక్కల (కాష్ లైన్ల) లెక్కన అడుగుతుంది. డీడీఆర్4 ఛానెల్ వెడల్పు 8 బైట్లు, ఒక ఆదేశానికి 8 విడతలు: సరిగ్గా 64. అంటే ఒక లైన్ మొత్తం ఒకే ఛానెల్ నుంచి వస్తుంది, పేకముక్కలు పంచినట్టు పక్క లైన్ రెండో ఛానెల్‌కు పోతుంది. ఎటు పంపాలో ఒకే అడ్రస్ బిట్ చూసి తేల్చితే, 128 బైట్ల అంగలతో నడిచే ప్రోగ్రామ్ భారమంతా ఒకే ఛానెల్ మీద పడుతుంది. అందుకే మెమరీ కంట్రోలర్లు పలు బిట్లను ఎక్స్‌ఓఆర్ చేసి (అంటే వాటిలో 1లు సరిసంఖ్యా బేసిసంఖ్యా అని చూసి) నిర్ణయిస్తాయి. డీడీఆర్5లో ఒక్క స్టిక్‌లోనే 32 బిట్ల సబ్‌ఛానెళ్లు రెండు: 4 బైట్లు, 16 విడతలు, మళ్లీ అదే 64!

డ్యూయల్ ఛానెల్‌తో డీడీఆర్4-3200కి సెకనుకు 25.6 జీబీ కాస్తా 51.2 అవుతుంది. లేటెన్సీ, అంటే అడిగాక డేటా వచ్చేదాకా పట్టే సమయం, మాత్రం తగ్గదు. వర్డ్‌లో టైప్ చేసేవాళ్లకు తేడా తెలియదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఆటలాడేవాళ్లకు బాగా తెలుస్తుంది.

రెండూ ఒకే కంపెనీవి కాకపోతే పనిచేయవన్నది ఉత్త నమ్మకం. సైజు, టైమింగ్‌లు కలిస్తే మేలు. వేగాలు వేరైతే రెండూ తక్కువదానితోనే నడుస్తాయి. ఇంటెల్‌లో 8 జీబీ, 4 జీబీ స్టిక్కులు కలిపితే 4+4 డ్యూయల్‌గా, మిగిలిన 4 సింగిల్‌గా నడుస్తాయి.

టాస్క్ మేనేజర్ ఎన్ని స్లాట్లు నిండాయో చెబుతుందే తప్ప ఛానెల్ చెప్పదు. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ చూడండి. ఒక స్టిక్ కనపడకపోతే పవర్ కేబుల్ పీకి, దాన్ని తీసి, బంగారు పూత అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక క్లిప్పు టక్కున పడేదాకా రెండు చివర్లా సమానంగా నొక్కండి.