ఫ్యూజన్ ప్లాంటుకు లైసెన్సు ఎలా ఇవ్వాలి?

హైదరాబాద్‌లో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియోథెరపీ విభాగం చాలావరకు సెల్లార్‌లోనే ఉంటుంది. మీటరుకు పైగా మందమున్న కాంక్రీటు గోడలు, మలుపు తిరిగి వెళ్లే దారి. తలుపు సరిగ్గా మూసుకోకపోతే యంత్రం పనే మొదలుపెట్టదు. సిబ్బంది చొక్కాకు చిన్న టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబ్‌కు పంపి, ఎవరికి ఎంత రేడియేషన్ తగిలిందో చూస్తారు. వీటికి లైసెన్సు ఇచ్చేది అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ. కైగా, కూడంకుళం రియాక్టర్లను పర్యవేక్షించేదీ అదే. అయితే ఆసుపత్రికో పద్ధతి, రియాక్టరుకో పద్ధతి.

మరి ఫ్యూజన్‌తో, అంటే తేలికైన అణు కేంద్రకాలను కలిపి, కరెంటు తీసే ప్లాంటు వస్తే దాన్ని ఏ పద్ధతిలో చూడాలి? కొన్నేళ్లుగా ప్రపంచంలోని నియంత్రణ సంస్థలు తేల్చుకుంటున్నది ఇదే.

మామూలు అణు రియాక్టర్‌లో టన్నుల కొద్దీ యురేనియం ఉంటుంది. చైన్ రియాక్షన్ ఆపేసినా ఇంధనం వేడి పుట్టిస్తూనే ఉంటుంది. 2011లో ఫుకుషిమాలో జరిగిందదే. భూకంపం రాగానే రియాక్టర్లు ఆగిపోయాయి. సునామీ వల్ల కూలింగ్ పోయి, ఇంధనం కరిగింది. ఫ్యూజన్‌లో ఆ భయం లేదు. హైడ్రోజన్‌లోనే బరువైన రకాలైన డ్యుటీరియం, ట్రిటియం కలవడానికి దాదాపు 15 కోట్ల డిగ్రీల వేడి కావాలి. ఆ క్షణంలో యంత్రం గదిలో ఉండే ఇంధనం గ్రాముల్లోనే. ఎక్కడ చిన్న తేడా వచ్చినా ప్లాస్మా, అంటే అంత వేడెక్కిన ఆ వాయువు, చల్లబడి ఆరిపోతుంది.

అందుకే 2023 ఏప్రిల్‌లో అమెరికా అణు నియంత్రణ కమిషన్ ఫ్యూజన్‌ను రియాక్టర్ల కింద కాకుండా, ఆసుపత్రులు, పరిశ్రమలు వాడే రేడియోధార్మిక పదార్థాల నిబంధనల కింద చూడాలని నిర్ణయించింది. మరుసటి ఏడాది అక్కడి పార్లమెంటు దాన్ని చట్టంలోకి ఎక్కించింది. బ్రిటన్ కూడా 2023 ఇంధన చట్టంతో ఫ్యూజన్‌కు అణు ప్రాంగణ లైసెన్సు అక్కర్లేదంది. అక్కడ పర్యావరణ సంస్థ, కార్మికుల భద్రత చూసే సంస్థ ఈ బాధ్యత తీసుకుంటాయి. ఫ్రాన్స్ దారి వేరు. మన దేశం కూడా భాగస్వామిగా ఉన్న ఐటర్ అనే అంతర్జాతీయ ఫ్యూజన్ ప్రయోగ యంత్రం అక్కడ అణు కేంద్రం హోదాలోనే ఉంది. 2022లో రేడియేషన్ కవచం సంగతి తేలేదాకా దాని కూర్పు పనిలో ముందుకెళ్లడానికి అక్కడి నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు.

అమెరికా, బ్రిటన్‌ల నిర్ణయమే సరైనదని నా అభిప్రాయం. కరిగిపోయే ఇంధనమే లేనిచోట, కరిగితే ఏం చేయాలనే నిబంధనలు పెట్టి లాభం లేదు. ఒక్క ట్రిటియం విషయంలో మాత్రం పట్టు సడలించకూడదు.

ట్రిటియం అంటే రేడియోధార్మిక హైడ్రోజన్. 12.3 ఏళ్లకు సగమవుతుంది. దాని కిరణం చాలా బలహీనం, చర్మం కూడా దాటలేదు. కానీ హైడ్రోజన్ కాబట్టి నీటిలో కలుస్తుంది, నీటితోపాటు ఒంట్లోకి వెళుతుంది. వేడెక్కిన ఉక్కులోంచి కూడా మెల్లగా బయటికి పాకుతుంది. మనవాళ్లకు ఇది కొత్త కాదు. భారజలంతో, అంటే డ్యుటీరియం ఉన్న నీటితో, నడిచే మన రియాక్టర్లలో ట్రిటియం దానంతటదే తయారవుతుంది. ఆ రియాక్టర్లకు ఇంధనం వెళ్లేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ) నుంచి, భారజలంలో కొంత మన మణుగూరు నుంచి. ఆ రియాక్టర్ల సిబ్బందికి క్రమం తప్పకుండా మూత్రపరీక్ష చేసి ట్రిటియం ఎంతుందో చూస్తారు. ఎక్కువుంటే నీళ్లు బాగా తాగమంటారు. అలా తాగితే అది త్వరగా బయటికి పోతుంది.

ఫ్యూజన్‌లో మోతాదు వేరు. వెయ్యి మెగావాట్ల ఫ్యూజన్ శక్తి ఏడాది పొడవునా రావాలంటే సుమారు 55 కిలోల ట్రిటియం ఖర్చవుతుంది. ప్రపంచంలో పౌర అవసరాలకు దొరికే నిల్వే కొన్ని పదుల కిలోలు. కాబట్టి లిథియం నుంచి ప్లాంటులోనే తయారుచేసుకోవాలి. పైగా గదిలోకి పంపిన ఇంధనంలో కొద్ది శాతమే మండుతుంది, మిగతాది మళ్లీ మళ్లీ పైపుల్లో తిరుగుతుంది. ఖర్చయిన దాంట్లో వెయ్యో వంతు లెక్క తప్పినా 55 గ్రాములు. ఒక్క గ్రాములోనే దాదాపు 9,600 క్యూరీల రేడియోధార్మికత ఉంటుంది. ఎంత పోశారు, ఎంత మండింది, గోడలో ఎంత ఇంకింది అన్నది రోజూ తేల్చగల పద్ధతి ఉంటేనే లైసెన్సు ఇవ్వాలి.

గోడల సంగతీ ఉంది. వేగంగా దూసుకొచ్చే న్యూట్రాన్లు తగిలి ఉక్కు రేడియోధార్మికమవుతుంది. పాత భాగాలను రోబోలతో మార్చాలి. ఆ చెత్తకు, ప్లాంటు మూసేటప్పటి ఖర్చుకు కంపెనీ ముందే డబ్బు కట్టాలి.

మన 1962 అణుశక్తి చట్టం అణుశక్తికి ఇచ్చిన నిర్వచనంలోనే ఫ్యూజన్ ఉండేది. 2025 డిసెంబరులో దాని స్థానంలో వచ్చిన ‘శాంతి’ (SHANTI) అనే కొత్త అణుశక్తి చట్టం ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. గాంధీనగర్ దగ్గర 1989లో మొదలైన ఆదిత్య అనే ఫ్యూజన్ ప్రయోగ యంత్రానికి ట్రిటియం అక్కర్లేదు. ట్రిటియంతో నడిపే యంత్రం కోసం ఎవరైనా దరఖాస్తు పెట్టేలోపే ట్రిటియం లెక్కల నిబంధనలు రాసి, జనం అభిప్రాయం తీసుకోవడానికి ఏఈఆర్‌బీకి ఇప్పుడు వీలుంది. ప్లాంటు చుట్టుపక్కల బావుల్లో, గాలిలో ట్రిటియం కొలతలను ఊరివాళ్లకు తెలుగులో నెలనెలా చూపించాలన్న షరతు కూడా అందులో ఉండాలి.