నెగెటివ్ గ్రూపు తల్లులు, యాంటీ-డి సూది: అపోహలు – వాస్తవాలు

బ్లడ్ బ్యాంకులో గర్భిణుల రక్త నమూనాలు పరీక్షించడం నా రోజువారీ పని. ఆర్‌హెచ్ నెగెటివ్ (ఎర్ర కణాల మీద ‘డి’ అనే పదార్థం లేని) తల్లి రక్తంలో యాంటీ-డి, అంటే పాజిటివ్ బిడ్డ ఎర్ర కణాల మీద దాడిచేసే యాంటీబాడీ, తయారైందని రిపోర్టు రాయాల్సి వచ్చిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అదే యాంటీబాడీని బయటి నుంచి ఇచ్చే యాంటీ-డి సూది సమయానికి పడి ఉంటే వీటిలో చాలావరకు ఆగిపోయేవి.

అపోహ: భార్యాభర్తలది ఒకే బ్లడ్ గ్రూపు అయితే పిల్లలకు ప్రమాదం.

ఒకే గ్రూపు వల్ల ఏ ఇబ్బందీ లేదు. తల్లి నెగెటివ్, కడుపులో బిడ్డ పాజిటివ్ అయినప్పుడే జాగ్రత్త పడాలి. మన దేశంలో నూటికి సుమారు ఐదుగురు నెగెటివ్. తండ్రి కూడా నెగెటివ్ అయితే బిడ్డా నెగెటివే, సూదితో పనిలేదు.

అపోహ: యాంటీ-డి ఒక టీకా.

నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. టీకా మన ఒంటికి శత్రువును గుర్తుపట్టడం నేర్పుతుంది. యాంటీ-డి చేసే పని దానికి పూర్తిగా వ్యతిరేకం, అసలు నేర్చుకోనివ్వదు. కాన్పు సమయంలో బిడ్డ ఎర్ర రక్తకణాలు కొన్ని తల్లి రక్తంలోకి వస్తాయి. వాటి మీదుండే ఆ ‘డి’ పదార్థం (డి యాంటిజెన్) ఆమె ఒంటికి కొత్త. దాన్ని ఒకసారి గుర్తుపెట్టుకుందంటే ఇక మరిచిపోదు. ఆలోపే బయటి నుంచి యాంటీ-డి ఇస్తే అది బిడ్డ కణాలకు అతుక్కుంటుంది, ప్లీహంలోని కణాలు వాటిని మింగేస్తాయి, తల్లి సొంతంగా యాంటీబాడీలు తయారు చేసుకోదు.

ఈ సూది పనిచేసేది ‘కణాలను త్వరగా తొలగించడం వల్లే’ అని మేం చదువుకున్నాం గానీ, అంతటితో లెక్క తేలదు. కొన్ని యాంటీబాడీలు కణాలను వేగంగా తొలగించినా రోగనిరోధక స్పందనను ఆపలేకపోయాయి. పోనీ యాంటిజెన్‌ను కప్పేస్తుందా అంటే, మనం ఇచ్చే డోసు డి స్థానాల్లో కొద్ది భాగానికే సరిపోతుంది. యాంటీబాడీని పట్టుకుని కణాలను మింగడానికి తోడ్పడే ఎఫ్‌సీ గ్రాహకాలు లేని ఎలుకల్లో కూడా గొర్రె ఎర్ర కణాల మీద స్పందన అణిగిందని 1999లో స్వీడన్ పరిశోధకులు చూపారు. యాంటీబాడీలు కణం మీది యాంటిజెన్‌నే ఊడగొట్టడం మరికొన్ని ప్రయోగాల్లో కనిపించింది. ఒకటి కాదు, ఇలాంటివి కొన్ని కలిసి పనిచేస్తున్నాయని నా నమ్మకం.

అన్ని యాంటీబాడీలూ ఈ పని చేయవు. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో వైద్యుడు సిరిల్ క్లార్క్ బృందం ఐజీఎం అనే రకం యాంటీబాడీ ఇచ్చి చూస్తే స్పందన తగ్గకపోగా పెరిగింది. ఐజీజీ అనే మరో రకానికి మార్చాకే రక్షణ దొరికింది. అదే సమయంలో న్యూయార్క్ బృందం సింగ్ సింగ్ జైలులోని వాలంటీర్ల మీద ప్రయోగాలు చేసింది. 1968లో అమెరికాలో ఈ మందుకు లైసెన్స్ వచ్చింది.

అపోహ: మొదటి బిడ్డకు ఏమీ కాలేదు, ఇక సూది ఎందుకు?

మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. అప్పుడు తయారైన యాంటీబాడీల దెబ్బ తగిలేది తర్వాతి పాజిటివ్ బిడ్డకు. ఒకామెకు అయిదో నెలలో గర్భం పోయింది. అప్పుడు ఆమె బ్లడ్ గ్రూపు ఎవరూ చూడలేదు. రెండోసారి గర్భంతో మా దగ్గరకు వచ్చేసరికి యాంటీబాడీలు తయారై ఉన్నాయి. గర్భం పోయినా గ్రూపు చూడాలి అని అప్పటినుంచి కనిపించిన ప్రతి ఏఎన్ఎంకూ చెబుతున్నాను.

ఏ సూదీ లేకపోతే, పాజిటివ్ బిడ్డను మోసిన నెగెటివ్ తల్లుల్లో నూటికి దాదాపు 16 మందికి యాంటీబాడీలు వస్తాయి. కాన్పు తర్వాత మాత్రమే ఇస్తే అది ఒకరిద్దరికి తగ్గుతుంది. 28వ వారంలో కూడా ఇస్తే వెయ్యికి ఒకరిద్దరే. 28వ వారమంటే ఏడో నెల. ఆ నెలలో శ్రీమంతం చేసే ఇళ్లలో దాంతోపాటు దీన్నీ గుర్తుపెట్టుకోవచ్చు. పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మరో డోసు పడాలి. ఆ గడువు దాటిందని వదిలేయకండి, పది రోజుల వరకు కొంత ప్రయోజనం ఉంటుంది.

అపోహ: ఐసీటీ (తల్లి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా అని చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చినా సూది వేస్తే తగ్గిపోతుంది.

తగ్గదు. ఒంట్లో సొంత యాంటీ-డి తయారయ్యాక ఈ సూది పనిచేయదు. అప్పటినుంచి టైటర్ (యాంటీబాడీల మోతాదు) చూడటం, బిడ్డకు రక్తం తగ్గిందేమో చూసే డాప్లర్ స్కాన్, అవసరమైతే కడుపులోని బిడ్డకే రక్తం ఎక్కించడం. అయితే 28వ వారం సూది తర్వాత చేసిన ఐసీటీ కూడా పాజిటివ్ రావచ్చు, అది సూదిలోని యాంటీబాడీయే. సూది వేసిన సంగతి ల్యాబ్‌కు చెప్పకపోతే అనవసరంగా టెన్షన్ పడతారు.

అపోహ: ఒక డోసు ఎవరికైనా చాలు.

మామూలుగా ఇచ్చే 300 మైక్రోగ్రాముల డోసు, తల్లి రక్తంలో కలిసిన బిడ్డ ఎర్ర కణాలు సుమారు 15 మిల్లీలీటర్ల వరకు ఉంటేనే సరిపోతుంది. అంతకంటే ఎక్కువ కలిశాయని అనుమానం ఉంటే బిడ్డ కణాలు ఎన్ని కలిశాయో లెక్కించే క్లైహావర్ పరీక్ష చేసి డోసు పెంచాలి.

ఈ మందులో ఎక్కువ భాగం దాతల ప్లాస్మా నుంచే వస్తుంది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే దాత 1954 నుంచి 2018 వరకు 1,173 సార్లు దానం చేశారు.

మన దగ్గర కాన్పుకు పుట్టింటికి వెళతారు, ఫైలు మాత్రం అత్తగారింట్లో ఉండిపోతుంది. బ్లడ్ గ్రూపు, సూది వేసిన తేదీ ఒక కాగితం మీద రాసుకుని బ్యాగులో పెట్టుకోండి.