దోశ మీద మూడుసార్లు నెయ్యి: పెయిడ్ రివ్యూ గొడవకి ముందు కథ

ఆమధ్య హైదరాబాద్‌లో ఒక టిఫిన్ సెంటర్‌కి వెళ్ళాం, పేరెందుకు లెండి. పక్క టేబుల్ దగ్గర ఒకబ్బాయి రీల్ తీస్తున్నాడు. కారప్పొడి దోశ మీద నెయ్యి పొయ్యమంటే సర్వర్ పోశాడు, ఫోకస్ కుదర్లేదంట, మళ్ళీ పొయ్యమన్నాడు, మూడోసారి గరిట బాగా పైకెత్తి ధార కట్టేలా పొయ్యమన్నాడు. అప్పటికే దోశ నెయ్యిలో ఈదుతోంది. ఒక్క ముక్క తుంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని తలాడించాడు, షాట్ అయిపోగానే మిగతా దోశ ప్లేట్లోనే వదిలేసి లేచాడు. బిల్లు మాట ఎత్తలేదు, ఓనరే వచ్చి ఫోన్‌లో ఏదో నొక్కాడు, ఇతని ఫోన్ టింగుమంది. నాలుగు రోజులయ్యాక అదే రీల్ మా పిన్ని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది, "మీ ఇంటి దగ్గరే కదరా, హానెస్ట్ రివ్యూ అంట, వెళ్ళొచ్చారా" అని.

ఈ పెయిడ్ రివ్యూల మీద ఇప్పుడు రోజూ ఏదో ఒక గొడవ నడుస్తూనే ఉంది. చూసేవాళ్ళేమో వీళ్ళంతా అమ్ముడుపోయారంటారు, హోటల్ వాళ్ళేమో డబ్బులివ్వకపోతే బాలేదని వీడియో పెడతామంటున్నారు అంటారు, వ్లాగర్లేమో మాకూ కెమెరాలు ఎడిటింగ్ పెట్రోల్ ఖర్చులుంటాయి కదా అంటారు. మూడింట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. నాకు మాత్రం వేరే డౌట్. అసలు ముక్కూ మొహం తెలియని మనిషి "బాగుంది" అంటే మా పిన్ని ఎందుకు నమ్ముతోంది? ఆ నమ్మకం ఈ కుర్రాళ్ళు సంపాదించింది కాదండి, వాళ్ళకంటే ముందు పైసా తీసుకోకుండా రాసినవాళ్ళు కూడబెట్టిపెట్టింది.

మొదట్లో ఫుడ్ బ్లాగ్ అంటే హోటల్ ఊసే తక్కువ, అంతా వంటింటి వ్యవహారమే. 1999లో బ్లాగర్ అనే సైట్ వచ్చింది, 2003లో గూగుల్ దాన్ని కొనేసింది, అదే ఏడాది వర్డ్‌ప్రెస్ కూడా వచ్చింది, అంటే కోడింగ్ రాకపోయినా ఎవరైనా రాసుకోవచ్చు. ఈలోపే, 2002లో, న్యూయార్క్‌లో ఆఫీసు ఉద్యోగం చేసుకునే జూలీ పావెల్ అనే ఆవిడ, అమెరికాలో పేరున్న వంటలావిడ జూలియా చైల్డ్ ఫ్రెంచి వంటల పుస్తకంలో ఉన్న 524 వంటలూ 365 రోజుల్లో చేసేస్తానని మొదలుపెట్టి, మాడినవీ విరిగినవీ తిట్టుకున్నవీ అన్నీ దాచకుండా రాసింది. అది తర్వాత పుస్తకమూ సినిమా కూడా అయింది. బాగా చేసినవాళ్ళే రాయాలి అనే రూల్ అక్కడే పోయిందనుకుంటా.

మనవాళ్ళ సంగతికొస్తే 2005 అనుకోవచ్చు. నంద్యాల నుంచి అమెరికా వెళ్ళిన ఒకావిడ పక్కనే ఉన్న మహానంది పేరే పెట్టి బ్లాగ్ మొదలుపెట్టారు, అదే టైమ్‌లో శైలూస్ ఫుడ్ లాంటివి కూడా వచ్చాయి. చాలావరకు ఇంగ్లీషులోనే. చదివేవాళ్ళు ఎక్కువగా అమెరికాలోనో ఇంకెక్కడో ఉన్నవాళ్ళు, పైగా అప్పట్లో కంప్యూటర్‌లో తెలుగు టైప్ చెయ్యడం ఒక యజ్ఞం. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో చూపించే లేఖిని వచ్చాక, కూడలిలో బ్లాగులన్నీ ఒకచోట కనపడ్డం మొదలయ్యాక తెలుగులో వంటల రాతలు పెరిగాయి గానీ, ఆంధ్రా వంటల్ని బయటోళ్ళకి చూపించింది మాత్రం ఆ ఇంగ్లీషు బ్లాగులే. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి, అప్పట్లో భర్త ఉద్యోగం వల్ల వచ్చే హెచ్4 వీసా మీద అమెరికా వెళ్ళిన భార్యలకి ఉద్యోగం చేసే పర్మిషన్ లేదు, 2015లో గానీ కొంతమందికి ఇవ్వలేదు. డిగ్రీలున్నాయి, తెలివుంది, చేతినిండా టైముంది, ఇంట్లో పప్పు ఉడుకుతోంది. అలా కూడా కొన్ని బ్లాగులు పుట్టుంటాయి.

వాళ్ళు చేసిన పని చిన్నదేం కాదు. మన అమ్మల్ని పులిహోరలో ఉప్పు ఎంత అంటే "సరిపడా" అంటారు, చింతపండు ఎంత అంటే "నిమ్మకాయంత", ఏ నిమ్మకాయ అంటే మాత్రం కోపం వస్తుంది. ఆవపిండి "కాసింత", నూనె "పైకి తేలేదాకా". ఈ కాసింతనీ తేలేదాకానీ ఐఎస్‌డీ కాల్‌లో అడిగి తెలుసుకుని, కప్పులూ స్పూన్లలోకి మార్చి, రెండుసార్లు చేసి చూసి, ఫొటో తీసి, గోంగూర దొరక్కపోతే ఏం వాడొచ్చో కూడా రాసి పెట్టారు. ఫొటో కూడా సొంత గిన్నె, సొంత పొయ్యి, వెనకాల కౌంటర్ మీద మిక్సీ జారు కనిపిస్తూనే ఉండేది. కింద కామెంట్లలో ఎవరో వచ్చి "మా కర్నూలు వైపు ఇందులో వేరుశనక్కాయ వేస్తామండీ" అంటే, ఇంకొకరు "గుంటూర్లో వేస్తే ఇంట్లోంచి గెంటేస్తారు" అనేవారు. అది వాదన కాదు, కబుర్లు.

2006లో ఆ మహానంది బ్లాగ్ నుంచే జిహ్వ అని ఒక నెలవారీ పండగ మొదలైంది. ఒక నెల మామిడి, ఒక నెల పప్పు, ఇలా ఒక్కో సరుకు అనుకోవడం, ఎవరి బ్లాగులో వాళ్ళు దాంతో ఏదో ఒకటి చేసి రాసి లింకు పంపడం, ఆ నెల బాధ్యత తీసుకున్నవాళ్ళు అవన్నీ కలిపి ఒక పోస్ట్‌గా వెయ్యడం. వినడానికి ఇంతే. కానీ తెలుగావిడ చేసిన మామిడికాయ పప్పు పక్కనే బెంగాలీ ఆవిడ పచ్చిమామిడి చట్నీ, మరాఠీ ఆవిడ పన్హా (పచ్చిమామిడి షర్బత్) కనపడుతుంటే అదొక సంతలా ఉండేది, డబ్బు మాత్రం ఎక్కడా చేతులు మారేది కాదు. ఫలానా వంట ఫలానా వాళ్ళ బ్లాగులో చూసి చేశాను అని లింకు ఇవ్వడమే అక్కడ మర్యాద, అది తప్పితే మాటొచ్చేది.

అందుకే ఈ లోకంలో మొదటి పెద్ద గొడవ డబ్బు గురించి కాదు, దొంగతనం గురించి. 2006 చివర్లో యాహూ ఇండియా మలయాళం పోర్టల్ పెట్టింది, అందులో వంటల పేజీల్లో ఉన్నవి మా బ్లాగుల్లోంచి ఎత్తినవే అని కేరళ బ్లాగర్లు పట్టుకున్నారు. కంటెంట్ ఇచ్చింది వెబ్‌దునియా, తప్పు మీదంటే మీదని రెండు కంపెనీల మధ్య తిరిగింది. 2007 మార్చి 5న బ్లాగర్లంతా ఒకేరోజు నిరసన పోస్టులు పెట్టారు, మనవాళ్ళూ కలిశారు. లా ప్రకారం చూస్తే అరకిలో కందిపప్పు, రెండు టమాటాలు అనే లిస్టు మీద ఎవరికీ హక్కుండదు, వంటలు ఎవరి సొత్తూ కావు. కానీ దాన్ని చెప్పిన మాటలు, తీసిన ఫొటో మాత్రం రాసినవాళ్ళవే. ఈ తేడా అప్పట్లో చాలామందికి ఆ గొడవతోనే తెలిసింది. ఫొటోల మీద అడ్డంగా పెద్ద పెద్ద వాటర్‌మార్కులు కూడా ఆ రోజుల్లోంచే చూస్తున్నాం, గుత్తొంకాయ కనపడదు, పేరు కనపడుతుంది.

ఇంకోపక్క 2008లో ఢిల్లీలో ఫుడీబే అని మెనూ కార్డులు స్కాన్ చేసి పెట్టే సైట్ ఒకటి మొదలైంది, 2010లో దానికే జొమాటో అని పేరు పెట్టారు. కథ ఇక్కడ వంటింట్లోంచి హోటల్‌కి మారింది. రివ్యూలు రాసే కొద్దీ బిగ్ ఫుడీ, సూపర్ ఫుడీ అంటూ మెట్లెక్కించేవాడు, జనాలు నిజంగానే ఆ బ్యాడ్జీల కోసం రాత్రి పన్నెండింటికి కూర్చుని పేరాలకి పేరాలు రాశారు (నేనూ రాశా, దాచడమెందుకు). హోటల్ వాళ్ళకి విషయం అర్థమైంది. కొత్త రెస్టారెంట్ తెరిచేముందు పది మందిని పిలిచి ఫ్రీగా పెట్టడం, దానికి బ్లాగర్స్ టేబుల్ అని పేరు. డబ్బు తీసుకోలేదు, తిన్నాం అంతే అనేవాళ్ళు. కానీ పిలిచి పీటేసి వడ్డించినాయన మొహం మీద పులుసు బాలేదని ఎవరంటారండి? మన ఇళ్ళల్లో పెళ్ళిభోజనం తిని వంకపెడితేనే తప్పు. ఆ మొహమాటమే తర్వాత రేటు కార్డయింది అని నా అభిప్రాయం. అమెరికాలో వినియోగదారులు మోసపోకుండా చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఈ సంగతి ముందే పసిగట్టి 2009లోనే, ఫ్రీగా వస్తువు తీసుకుని రాస్తే బ్లాగరైనా సరే చెప్పి తీరాలని రూల్ పెట్టింది. మన దగ్గర దానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది.

వీడియో సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా చెప్పేస్తా. మన హైదరాబాదీ షెఫ్ సంజయ్ తుమ్మ 2007లోనే వారెవా అంటూ వీడియోలు మొదలుపెట్టారు, అప్పట్లో అవి బఫర్ అయ్యేలోపు మనమే కూర వండుకోవచ్చు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక మొత్తం తిరగబడింది. తెనాలి దగ్గర గుడివాడ అనే ఊళ్ళో మస్తానమ్మ గారు పొలం గట్టున కట్టెలపొయ్యి పెట్టి, అల్లం గోటితో గీరి, పుచ్చకాయలో చికెన్ వండితే ప్రపంచమంతా చూసింది. ఆవిడ 2018 డిసెంబర్‌లో పోయారు, వయసు 107 అన్నారు. గ్రాండ్‌పా కిచెన్ అనే యూట్యూబ్ ఛానల్ నారాయణరెడ్డి గారు పెద్ద పెద్ద గుండిగల్లో వండి అనాథ పిల్లలకి పెట్టేవారు, ఆయన 2019 అక్టోబర్‌లో పోయారు. ఈ ఇద్దరూ ఎవర్నీ రివ్యూ చెయ్యలేదు. వండారు, పెట్టారు.

2020 జూన్ చివర్లో టిక్‌టాక్ బ్యాన్ అయింది, జులైలో ఇన్‌స్టా రీల్స్ వచ్చాయి. ముప్పై సెకన్లలో ఉప్పు ఎంతో చెప్పలేం, నెయ్యి ధార మాత్రం చూపించొచ్చు. ఆ అక్టోబర్‌లోనే ఢిల్లీ మాళవీయ నగర్‌లో బాబా కా ఢాబా వీడియో వైరలయింది. ఒక్క రాత్రిలో జనం క్యూ కట్టారు, తర్వాత విరాళాల డబ్బు మీద వీడియో తీసినాయనకీ పెద్దాయనకీ పోలీసు కంప్లయింట్ల దాకా వెళ్ళింది, పెద్దాయన కొత్తగా తెరిచిన రెస్టారెంట్ మూసేసి మళ్ళీ పాత ఢాబాకే వచ్చాడు. మన దగ్గర అలాంటిది కుమారి ఆంటీది. మాదాపూర్‌లో ఐటీసీ కోహినూర్ దగ్గర 2011 నుంచి అన్నం అమ్ముకుంటున్న మనిషి, "మీది మొత్తం థౌజండ్ అయింది, రెండు లివర్లు ఎక్స్‌ట్రా" అన్న ఒక్క మాట మీమ్ అయ్యేసరికి కెమెరాలు దిగాయి. తినేవాళ్ళకంటే తీసేవాళ్ళు ఎక్కువై ట్రాఫిక్ ఆగిపోయి 2024 జనవరి చివర్లో పోలీసులు బండి తీయించేస్తే, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కల్పించుకుని అక్కడే పెట్టుకోనివ్వమన్నారు. ఒక లివర్ ఫ్రై ప్లేటు సీఎం ఆఫీసు దాకా వెళ్ళింది చూడండి.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. యాడ్స్ పరిశ్రమ తనకి తాను పెట్టుకున్న సంస్థ ఆస్కి, 2021 జూన్ 14 నుంచి ఇన్‌ఫ్లుయెన్సర్లు పెయిడ్ అయితే లేబుల్ వెయ్యాలంది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా డబ్బే కాదు, ఫ్రీ భోజనం, హోటల్ స్టే, గిఫ్ట్ ఏది తీసుకున్నా చెప్పాల్సిందే అంది. తప్పుదోవ పట్టించే యాడ్‌కి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి పది లక్షల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా ఫైన్ వెయ్యొచ్చు. మరి ఆ నెయ్యి దోశ రీల్ కింద ఏముందో వెళ్ళి చూశా. ఇరవై హ్యాష్‌ట్యాగులు, వాటి మధ్యలో ఎక్కడో ఇంగ్లీషులో కొలాబ్ అని ఒక ముక్క, అంటే హోటల్ వాళ్ళతో మాట్లాడుకుని చేసిందని. మా పిన్నికి కొలాబ్ అంటే ఏంటో తెలీదు, ఆ వీడియో మొత్తం తెలుగులోనే ఉంది మరి.

2024 ఏప్రిల్ నుంచి తెలంగాణ ఫుడ్ సేఫ్టీ వాళ్ళు హైదరాబాద్ హోటళ్ళలో తనిఖీలు చేసి, బొద్దింకలూ డేట్ అయిపోయిన సరుకులూ అన్నీ ఎక్స్‌లో పెట్టడం మొదలుపెట్టాక జనం ఇంకో ప్రశ్న వేశారు: ఇన్ని వేల రివ్యూల్లో ఒక్కడూ వంటగది ఎందుకు చూపించలేదు అని. పిలిచినోడు టేబుల్ దాకానే పిలిచాడు కాబట్టి.

పిన్నికి అది డబ్బులిచ్చి తీయించిన వీడియో అని చెప్పా. "అవునా, మరి దోశ బాగుంటుందా బాగోదా" అంది. బాగానే ఉంటుంది, నెయ్యి మాత్రం మనకి ఒక్కసారే పోస్తారు అన్నా.